పాత బ్రౌజరును ఏల మార్చవలెను?

పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి వరకు గల పారిశ్రామిక వాడలలో నేడు కంప్యూటరుతో పని లేని కార్యాలయము అరుదు. పాశమైలారము, బొల్లారము, రామచంద్రాపురములలోని పెద్ద కర్మాగారముల మాట అటుంచి, వానికి విడిభాగములు చేసియిచ్చు చిన్న లేతు షెడ్డునందు సైతము ఒక కంప్యూటరు తప్పక కనబడును. 2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది మొదలు పన్ను లెక్కలు ఇంటర్నెట్టు ద్వారానే దాఖలగుచున్నవి. సాధారణముగా 50,000 రూపాయల విలువ మించిన సరకు లారీ కెక్కవలెనన్న ఈ-వే బిల్లు కావలెను. కార్మికుల భవిష్యనిధి చెల్లింపు, బ్యాంకు ఖాతా, టెండరు పత్రము — ఇవన్నియు ఒకే ద్వారము గుండ సాగుచున్నవి. ఆ ద్వారమే బ్రౌజరు. దాని గడియ గట్టిగా నున్నదా లేదా యని మాత్రము మనలో పెక్కురు చూచుట లేదు.

బ్రౌజరు అనగా నేమి? దూరమందున్న కంప్యూటరు నుండి ఒక పుటను తెప్పించి, దానిని చదివి, మన తెరపై చూపు సాధనము. 1990లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజరును రచించినపుడు దాని పని చాల పరిమితము. నేటి స్థితి వేరు. పుటతో బాటు కొన్ని ఆజ్ఞలు కూడ వచ్చును. బ్రౌజరు ఆ ఆజ్ఞలను మన యంత్రముపైననే నడుపును. ముఖపరిచయము లేని పనివానిని ఇంటిలోనికి రానిచ్చి, వాడు వంటయింటిని దాటి పెట్టె దగ్గరకు పోకుండ కావలి కాయుట వంటిది దాని బాధ్యత.

“మా బ్రౌజరు పదియేండ్లుగా చక్కగా పనిచేయుచున్నది. చెడని దానిని మార్చనేల?” అని కొందరడుగుదురు. లేతు యంత్రము విషయమున ఈ మాట సమంజసమే. వేళకు నూనె వేసి కనిపెట్టుకొన్నచో అది ఇరువదియేండ్లు నడచును. బ్రౌజరు అరిగిపోవు వస్తువు కాదు. కాని అది కాలము గడచిన కొలది బలహీనమగును. దీని కారణమును గ్రహించుటయే ముఖ్యము.

లక్షలాది పంక్తులు గల ఈ రచనలో లోపములు తప్పవు. లోపము బయటపడినపుడు నిర్మాతలు దానిని సవరించి కొత్త ప్రతిని విడుదల చేయుదురు. అప్పుడు దొంగ చేయు పని యేమి? పాత ప్రతిని, కొత్త ప్రతిని ప్రక్కప్రక్కన బెట్టి, ఎచ్చట మార్పు జరిగినదో చూచును. మార్పు జరిగిన చోటనే పాత ప్రతియందు కన్నమున్నదని తెలిసికొనును. అనగా మరమ్మతు ప్రకటన వెలువడిన దినము నుండి, మరమ్మతు చేసికొనని వాని యిల్లు మునుపటి కంటె అధిక ప్రమాదములో నుండును. ఈ వ్యవధిని తగ్గించుటకే 2023 ఆగస్టు నుండి క్రోమ్ నిర్మాతలు రక్షణ సంబంధమైన సవరణలను వారమున కొకసారి విడుదల చేయు పద్ధతి నవలంబించిరి.

2023 సెప్టెంబరులో ‘వెబ్‌పీ’ అను రకపు బొమ్మలను విప్పి చూపు భాగమున ఒక లోపము బయటపడినది. దురుద్దేశముతో తయారుచేసిన బొమ్మ తెరపైకి వచ్చినంతనే యంత్రము పరుల వశమగుటకు అవకాశమేర్పడినది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ బ్రౌజర్లను వెంటనే సవరించిరి. సవరణ తెచ్చుకొన్నవారికి ఆ ద్వారము మూసికొన్నది; తెచ్చుకొననివారికి తెరచియే యున్నది.

బ్రౌజరుకు ఆధారమైన విండోస్ విషయమున ఇట్టి అలక్ష్యము ఎట్టి ఫలితమిచ్చెనో మన ప్రాంతమే చూచినది. 2017 మే 12న ‘వన్నాక్రై’ అను దాడి ప్రపంచమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లను సైతము స్తంభింపజేసినది. దానిని నిరోధించు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసి యుండెను!

మన వాడలలో పాత బ్రౌజరు నిలిచియుండుటకు కారణములు లేకపోలేదు. కొన్ని టెండరు పుటలు, డిజిటల్ సంతకపు పనిముట్లు ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునందే పనిచేసెడివి. 1995లో పుట్టిన ఆ బ్రౌజరుకు 2022 జూన్ 15న విండోస్ 10 నందు విరామము ప్రకటించిరి. అట్టి పాత పుటలు ఇంకను అవసరమైనచో, ఎడ్జ్ బ్రౌజరునందు వాని కొరకే ఒక ప్రత్యేక విధానము కలదు. దానిని ఆ పుటకు మాత్రమే వాడుకొనవలెను.

రెండవ కారణము పాత విండోస్. 2023 ఆరంభమున విడుదలైన 109వ ప్రతియే విండోస్ 7, 8.1 లపై నడచు తుది క్రోమ్. కావున అట్టి యంత్రముపై కొత్త సవరణ యేదియు రాలేదన్న మాత్రమున అంతయు క్షేమమని భ్రమింపరాదు; రావలసినది ఆ యంత్రమునకు రాజాలదు. కొత్త యంత్రము కొను శక్తి లేనివారు పాతదానిపైననే ఉచితముగా లభించు లినక్స్‌ను వేయించి, కొత్త బ్రౌజరును వాడుకొనవచ్చును. కోత యంత్రమును నడుపు పాత కంప్యూటరును మార్చ వీలులేనిచో దానిని ఇంటర్నెట్టుకు దూరముగా నుంచి, బ్యాంకు పని వేరొక యంత్రముపై చేసికొనుట మేలు.

ఒక హెచ్చరిక. “మీ బ్రౌజరు పాతబడినది, ఇచ్చట నొక్కుడు” అని ఏదో పుట మధ్యలో ప్రత్యక్షమగు ప్రకటనను నమ్మరాదు. అది తరచుగా దొంగ పన్నిన వల. బ్రౌజరు పైభాగమున మూలనున్న గుర్తును నొక్కి, సహాయము అను విభాగమున బ్రౌజరును గూర్చి తెలుపు పుటను తెరచినచో, సవరణ యున్నచో దానంతట అదియే వచ్చును. పిదప బ్రౌజరును ఒకసారి మూసి తెరువవలెను. వారముల తరబడి మూయని బ్రౌజరులో వచ్చిన సవరణ సైతము అమలు కాదు. ఇంటిలోని సెల్‌ఫోనులకు, పెద్దలు వాడి పిల్లల చేతికిచ్చిన పాత ఫోనులకు కూడ ఈ సూత్రమే వర్తించును.

ఈ పనికి సాధారణముగా రూకయైనను వ్యయము కాదు. పట్టు కాలము కొలది నిమిషములు. నెలాఖరున కూలివాని చేతికందవలసిన జీతము, చిన్న యజమాని పెట్టుబడి ఆ ద్వారము గుండనే వచ్చుచున్నపుడు, దాని గడియను పరీక్షించుట గృహస్థధర్మమని మేము భావించుచున్నాము.