సూరకు ధర తెచ్చేది ఐసే!

అనకాపల్లి జిల్లా పూడిమడక మత్స్యకారులు గేలం వేసి సూర చేపను పట్టడంలో పేరు పొందారు. ఈ సూరనే బయటి దేశాల్లో ట్యూనా అంటారు. జపాను వారు దీన్ని పచ్చిగానే ముక్కలు కోసి తింటారు. అమెరికా, ఐరోపా దేశాల్లో డబ్బాల్లో నింపి అమ్ముతారు. మన దేశంలోనే లక్షదీవుల వారు ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి నిల్వ చేసుకుంటారు.

వీటన్నిటిలో పచ్చిగా తినే రకానికే ధర ఎక్కువ. అయితే ఆ ధర పలకాలంటే కండ ఎర్రగా, గట్టిగా ఉండాలి. అక్కడే ఉంది చిక్కు.

చాలా చేపల ఒళ్లు నీటిలాగే చల్లగా ఉంటుంది. సూర ఒళ్లు మాత్రం నీటికంటే వెచ్చన. గేలానికి చిక్కి చాలాసేపు పెనుగులాడితే ఆ వేడి మరింత పెరుగుతుంది. కండ పాలిపోయి మెత్తబడుతుంది. ఎంత పెద్ద చేపైనా పచ్చిగా తినేవారికి ఇక అది పనికిరాదు.

అందుకే చేప పడవలోకి రాగానే తలపై ఒక్క దెబ్బతో చంపాలి. వెంటనే కోత పెట్టి నెత్తురు కారనివ్వాలి. మొప్పలు, పేగులు తీసి, కడిగి, పొట్టలోనూ చుట్టూ ఐసు నింపాలి. విసిరేయడం, ఎండలో వదిలేయడం కూడదు.

ఇది ధరతోనే పోయే సంగతి కాదు. ఐసు లేకుండా ఉంచిన సూర కండలో సూక్ష్మజీవుల వల్ల హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. వండినా, గడ్డకట్టించినా అది పోదు. వాసన మారకపోవచ్చు కూడా. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి, వాంతులు వస్తాయి. విదేశాలకు పంపే సరుకును దీని కోసమే పరీక్ష చేస్తారు. మోతాదు మించితే సరుకంతా తిరగ్గొడతారు.

చిన్న పడవల్లో మనుషులకు, ఆయిలుకు, ఎరకు పోగా ఐసుకు మిగిలే చోటు తక్కువ. ఈ అవసరం గుర్తించే 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లోతు సముద్రపు పడవలకు, ఐసు ఫ్యాక్టరీలకు సాయం చేర్చారు. రాయితీ సాధారణ వర్గాలకు ఖర్చులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతంగా నిర్ణయించారు.

పడవ ఎంత పెద్దదైనా దానిలో ఐసు పెట్టె లేకపోతే కష్టం వృథాయే. ప్రాణాలకు తెగించి నడిసముద్రంలో పట్టిన సూర ధరను చివరకు తేల్చేది పట్టిన తర్వాతి మొదటి గంట.