చక్రవడ్డీ తెగుళ్లు, బారువడ్డీ తెగుళ్లు

బంగాళాదుంప పంటను ముంచే లేట్ బ్లైట్, అంటే ఆకుమాడు తెగులు, చాలాసార్లు విత్తన దుంపలతోపాటే పొలంలోకి వస్తుంది. నాటే ముందు తెగులు సోకిన దుంపల్లో నూటికి తొంభై ఏరి పారేస్తే పంటకు దక్కే మేలు ఎంత? చల్లగా, తేమగా ఉండి వాతావరణం తెగులుకు కలిసొచ్చే రోజుల్లో అయితే ఐదు రోజులు. నూటికి తొంభై తొమ్మిది ఏరేస్తే పది రోజులు. అంతకు మించి లేదు. నమ్మశక్యం కాని ఈ లెక్కను నిలబెట్టిన శాస్త్రవేత్త దక్షిణాఫ్రికాకు చెందిన జేమ్స్ ఎడ్వర్డ్ వాన్‌డర్‌ప్లాంక్. 1963లో వెలువడిన ఆయన పుస్తకం ‘ప్లాంట్ డిసీజెస్: ఎపిడెమిక్స్ అండ్ కంట్రోల్’ మొక్కల తెగుళ్ల గణితానికి పునాది వేసింది.

తెగులు రావాలంటే లొంగే మొక్క, దాడి చేసే సూక్ష్మజీవి, అనువైన వాతావరణం ఉండాలి. వ్యవసాయ కళాశాలల్లో మొదటి పాఠం ఇదే. వాన్‌డర్‌ప్లాంక్ అడిగిన ప్రశ్న వేరు: తెగులు ఎంత వేగంగా పెరుగుతుంది? దీనికి జవాబు వెతుకుతూ ఆయన తెగుళ్లను చక్రవడ్డీ, బారువడ్డీ అని రెండుగా విడదీశారు.

ఆకుమాడు చక్రవడ్డీ తెగులు. ఆకు మీద నీటిలో నానినట్టుండే గోధుమరంగు మచ్చ పడుతుంది. తెల్లవారుజామున ఆకు తిప్పి చూస్తే మచ్చ అంచు చుట్టూ సన్నని తెల్లటి నూగు కనిపిస్తుంది. ఆ నూగు నిండా సిద్ధబీజాలే. గాలికి లేచి పక్క మొక్క తడి ఆకు మీద పడిన ప్రతి బీజమూ నాలుగైదు రోజుల్లో మరో మచ్చ కాగలదు. ఆ మచ్చ మళ్లీ బీజాలను చిమ్ముతుంది. ఇలా వడ్డీ అసలులో కలిసిపోయి, దాని మీద మళ్లీ వడ్డీ పుడుతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు ఈ వడ్డీ రేటు రోజుకు 0.46 దాకా ఉంటుందని వాన్‌డర్‌ప్లాంక్ లెక్కగట్టారు. అంటే తెగులు రోజున్నరకోసారి రెట్టింపవుతుంది.

అయితే ఈ పెరుగుదలకు ఒక హద్దుంది. మచ్చ పడాలంటే పచ్చని ఆకు మిగిలి ఉండాలి. అందుకే పెరుగుదలను రోగగ్రస్తమైన భాగంతోనే కాక, మిగిలిన ఆరోగ్యకరమైన భాగంతో కూడా గుణించాలి. ఈ చిన్న సవరణతో లెక్క వేస్తే పొలం కథ స్పష్టంగా కనబడుతుంది. తెగులు ఆకుల్లో వెయ్యో వంతు నుంచి నూరో వంతుకు చేరడానికి ఐదు రోజులు పడుతుంది. నూరో వంతు నుంచి సగానికి పది రోజులు. సగం నుంచి నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు మరో పది రోజులు. మొత్తం ఇరవై ఐదు రోజుల్లో మొదటి ఐదు రోజులూ రైతు కంటికి దాదాపు ఏమీ ఆనదు. తెగులు ‘ఒక్కసారిగా విరుచుకుపడింది’ అనుకునే రోజుకు అది ఎన్నో తరాలు దాటేసి ఉంటుంది.

దుంపల ఏరివేత రహస్యం కూడా ఇక్కడే ఉంది. అసలును పదో వంతుకు తగ్గిస్తే, అది మళ్లీ పది రెట్లు పెరగడానికి పట్టే సమయమే మిగులు. పది సహజ సంవర్గమానం 2.3. దాన్ని 0.46తో భాగిస్తే 5 వస్తుంది. అసలు నూరో వంతుకు పడిపోయినా ఈ మిగులు రెట్టింపే అవుతుంది తప్ప పది రెట్లు కాదు. అదే వడ్డీ రేటును సగానికి, అంటే 0.23కు తగ్గిస్తే ఇరవై ఐదు రోజుల విధ్వంసం యాభై రోజులకు సాగుతుంది. ఈలోగా దుంపలు ఊరడానికి వ్యవధి దొరుకుతుంది. కొత్తగా వచ్చే ఆకును కాపాడే మందుల వంటివన్నీ ఈ రేటు మీదే పనిచేస్తాయి.

రేటును ఎంతవరకు తగ్గించాలన్న ప్రశ్నకూ జవాబుంది. ఒక మచ్చ బీజాలను చిమ్మే రోజుల సంఖ్యను, రోజుకు అది పుట్టించే కొత్త మచ్చల సంఖ్యతో గుణించాలి. లబ్ధం ఒకటి దాటితేనే తెగులు విజృంభిస్తుంది, లేకపోతే దానంతటదే అణిగిపోతుంది. ఇలాంటి గడప ఒకటి ఉంటుందని మొదట చూపినవాడు రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది ఆయనే. దోమలను అదుపు చేసి మలేరియాను ఆపాలంటే, వాటన్నింటినీ చంపడం ఎవరి తరం అని చాలామంది కొట్టిపారేశారు. అన్నింటినీ చంపనక్కర్లేదు, ఒక స్థాయికి దిగువన ఉంచితే చాలునని రాస్ గణితంతో రుజువు చేశారు. సికింద్రాబాద్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఆ దోమే గానీ ఈ గణితం కాదు. నిజానికి ఈ గణితం దోమకంటే చాలా దూరం ప్రయాణించింది.

రేటును పట్టించుకోకుండా అసలునే నమ్ముకున్న వాళ్లలో బంగాళాదుంప వంగడాల రూపకర్తలు ముందుంటారు. అడవి జాతుల నుంచి తెచ్చిన ఒకటి రెండు జన్యువులతో ఆకుమాడును పూర్తిగా అడ్డుకోవచ్చని వారు ఆశపడ్డారు. ఆ జన్యువులు కొన్ని తెగులు రకాలను పూర్తిగా ఆపేస్తాయి, మిగిలిన వాటిని ఏమీ చేయలేవు. అంటే అవి తగ్గించేది అసలునే. జన్యువును దాటగల రకం ఒక్కటి పొలంలో అడుగుపెడితే పాత వేగమే మొదలవుతుంది. ‘వెర్టిఫోలియా’ అనే వంగడంలో ఇంకా ఘోరం జరిగింది. బలమైన జన్యువుల నీడలో ఎంపిక సాగినన్నాళ్లూ, తెగులును నెమ్మదింపజేసే సాధారణ నిరోధకత సన్నగిల్లిపోతున్నా ఎవరూ గమనించలేదు. జన్యువును దాటే రకం రాగానే ఆ వంగడం మామూలు వంగడాలకంటే అధ్వానంగా దెబ్బతింది. ఈ పరిణామానికి ‘వెర్టిఫోలియా ప్రభావం’ అని పేరు పెట్టింది వాన్‌డర్‌ప్లాంకే.

బారువడ్డీ తెగుళ్ల లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. ఇందులో సోకిన మొక్క నుంచి పక్క మొక్కకు తెగులు పాకదు. తెగులంతా బయటి నుంచే వస్తుంది కాబట్టి బయటి మూలాన్ని పదో వంతుకు తగ్గిస్తే, తెగులు పలచగా ఉన్నంతవరకు, నష్టమూ పదో వంతుకే దిగుతుంది. 1940లలో దక్షిణాఫ్రికా పొగాకు తోటల్లో తామర పురుగులు మోసుకొచ్చే ‘క్రోమ్‌నెక్’ వైరస్ తెగులుకు వాన్‌డర్‌ప్లాంక్ చెప్పిన పరిష్కారం ఈ తర్కంలోంచి పుట్టిందే. ఎగిరొచ్చే పురుగుల సంఖ్య మొక్కల సంఖ్యను బట్టి పెరగదు. కాబట్టి గుంతకు రెండేసి మొక్కలు నాటాలన్నారు. నూటికి ఇరవై మొక్కలకు తెగులు సోకే చోట, ఒకే గుంతలో రెండూ పోయే అవకాశం నూటికి నాలుగే. బతికిన మొక్కతో తోట నిలుస్తుంది.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను తుడిచిపెట్టిన కాండంకుళ్లు తెగులు ఈ కోవకు చెందినదే. రెండు లక్షల ఇరవై ఐదు వేల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటిందని అంచనా. తెగులు లక్షణాలు అప్పటికే తెలిసిన మొవ్వుకుళ్లును పోలి ఉన్నా, కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనలో తేలింది. వైరస్ దాగి ఉండేది గట్ల మీదా రోడ్ల పక్కనా పెరిగే వయ్యారిభామలో. ఆ కలుపు మీద తెగులు లక్షణమేదీ కనబడదు. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ ఆకుల మీదికి చేరుతుంది. పురుగులు ఆకును గీరినప్పుడు ఆ గాయాల గుండా వైరస్ లోపలికి వెళ్తుంది. వేరుశనగ నుంచి వేరుశనగకు వ్యాప్తి లేనట్టే. అందువల్ల చేలో తెగులు మొక్కలు పీకినందువల్ల ఒరిగేది స్వల్పం. వయ్యారిభామను పూతకు రాకముందే పీకడం, చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ కొన్ని వరుసలు వేసి పురుగులకు అడ్డుకట్ట కట్టడం, విత్తనం ఒత్తుగా వేయడం పనిచేస్తాయి. ఆకుమాడు విషయంలో ఐదు రోజులు మాత్రమే కొనిపెట్టే తెగులు మూలం ఏరివేత ఇక్కడ పంటనే నిలబెడుతుంది. ఇంత స్పష్టమైన తేడా ఉన్నా, ఏ తెగులుకైనా మందు పేరు, మోతాదు చెప్పి ఊరుకునే సలహాలే నేటికీ ఎక్కువగా రైతులకు అందుతున్నాయి. ఇది బాధాకరం.

వాన్‌డర్‌ప్లాంక్ సమీకరణంలో ఒక పెద్ద లోటుంది. పొలంలోని ప్రతి ఆకూ ప్రతి ఆకుకూ సమాన దూరంలో ఉన్నట్టు అది భావిస్తుంది. దూరాన్ని తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో ఫ్లోరిడాలో తెలిసింది. 1995లో మయామి విమానాశ్రయం సమీపంలో నిమ్మజాతి చెట్లకు గజ్జి తెగులు బయటపడింది. సోకిన చెట్టు చుట్టూ 125 అడుగుల మేర చెట్లన్నీ నరికించారు, అయినా తెగులు ఆగలేదు. గాలివానలు బ్యాక్టీరియాను అంతకంటే చాలా దూరం మోసుకెళ్తున్నాయని పరిశీలనలో తేలాక, 2000లో హద్దును 1900 అడుగులకు పెంచారు. ఆరోగ్యంగా కనిపించే పెరటి చెట్లను నరకడమేమిటని ఇళ్ల యజమానులు కోర్టులకెక్కారు. కోటికి పైగా చెట్లు నేలకూలాయి. 2004, 2005 తుపానులు తెగులును రాష్ట్రమంతటా వెదజల్లడంతో 2006లో నిర్మూలన ప్రయత్నమే మానుకున్నారు. మొదటి హద్దు చిన్నది కావడంతో, కంటికి కనిపించని తెగులు ప్రతిసారీ గొడ్డలికి ఒక అడుగు ముందే ఉండిపోయింది.

కేంబ్రిడ్జిలో క్రిస్టఫర్ గిల్లిగాన్ బృందం దశాబ్దాలుగా పనిచేస్తున్నది ఈ దూరం లెక్కల మీదే. ఫ్లోరిడా గజ్జి తెగులుకూ, కాలిఫోర్నియా ఓక్ చెట్లను చంపే తెగులుకూ వారు నమూనాలు కట్టారు. బ్రిటన్ వాతావరణ శాఖతో కలిసి, గాలివాటును బట్టి గోధుమ కుంకుమ తెగులు బీజాలు ఎటు వెళ్తాయో ఇథియోపియా రైతులకు ముందుగా చెప్పే వ్యవస్థనూ నెలకొల్పారు. ఈ దారిలో భారతదేశం చాలా ముందే నడిచింది. వేసవి ఎండలకు మైదానాల్లో చచ్చిపోయే కుంకుమ తెగులు ఏటా కొండ ప్రాంతాల నుంచి తిరిగొస్తుందని శాస్త్రవేత్త కె.సి. మెహతా నిరూపించారు. నవంబరులో బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టే వాయుగుండాలు నీలగిరి కొండల నుంచి ఆ బీజాలను మధ్య భారత గోధుమ చేల మీదికి చేరవేసే తీరును 1970లలో ఎస్. నాగరాజన్ సూత్రాలుగా కూర్చారు. వాయుగుండం ఏ అక్షాంశ రేఖాంశాల మధ్య ఉండాలో, బీజాలు వానతో నేలకు దిగడానికి ఎలాంటి వాతావరణం కావాలో ఆ సూత్రాల్లో ఉంది.