బోరులో మోటరు ఎందుకు కాలుతుంది?

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట చుట్టుపక్కల నేల కింద గ్రానైటే. రాతి పగుళ్లలో నీటి కోసం బోరు వందల అడుగులు దిగాలి. అంత లోతున నీళ్లలో మునిగి తిరిగేదే సబ్‌మెర్సిబుల్ మోటరు. టిఫ్లిస్‌లో పుట్టి అమెరికా చేరిన అర్మాయిస్ అరుతునోఫ్ 1920ల్లో ఇలాంటి మోటరును చమురు బావుల కోసం తయారు చేశాడు. ఇప్పుడు ఆ జాతి యంత్రమే నల్లగొండ బత్తాయి తోటలకూ పాలమూరు వరి మడులకూ నీళ్లు పోస్తోంది.

మోటరు కాలితే ఓల్టేజీ ఎక్కువైందనుకుంటాం. పల్లెల్లో చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు.

5 హెచ్‌పీ మోటరునే తీసుకుందాం. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, కాబట్టి పంపుకు అందాల్సింది 3,730 వాట్లు. లోపలి నష్టాలు కూడా కలిపితే లైను నుంచి సుమారు 4,800 వాట్లు లాగుతుంది. మూడు ఫేజుల్లో పవర్ అంటే ఓల్టేజీ, కరెంటు, 1.732, పవర్ ఫ్యాక్టర్‌ల గుణకారం. 415 ఓల్టులు, 0.8 పవర్ ఫ్యాక్టర్ వేసి చూస్తే కరెంటు సుమారు 8.3 ఆంపియర్లు. ఓల్టేజీ 300కు పడిపోయినా పంపు మోయాల్సిన నీటి బరువు తగ్గదు. అదే పవర్ కోసం మోటరు 11.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1841లో శాస్త్రవేత్త జూల్ తేల్చాడు. అంటే వైండింగ్‌లో వేడి దాదాపు రెట్టింపు! తీగ మీది ప్లాస్టిక్ పొర మెత్తబడి చుట్టుకు చుట్టు తగిలిందంటే ఇక ఆ మోటరు పని అయిపోయినట్టే.

ఇక్కడొక చిక్కుంది. వైండింగ్‌కు మీటరు పెడితే కొన్ని ఓమ్‌లే చూపిస్తుంది. శాస్త్రవేత్త ఓమ్ 1827లో చెప్పిన లెక్కన ఓల్టేజీని ఆ రెసిస్టెన్సుతో భాగిస్తే 8 కాదు, ఎన్నో రెట్ల ఆంపియర్లు రావాలి. రాకపోవడానికి కారణం మోటరు తిరగడమే. తిరిగే మోటరు తనలోనే ఎదురు ఓల్టేజీని పుట్టించి కరెంటును అదుపు చేస్తుంది. బటన్ నొక్కిన క్షణంలో అది ఇంకా పుట్టదు కాబట్టి ఐదారు రెట్ల కరెంటు పరుగెడుతుంది. ఇసుక పట్టి మోటరు బిగుసుకుపోతే ఆ పరుగు ఆగదు.

కరెంటు రాగానే మోటరును దానంతట అదే లేపే ఆటో స్టార్టర్ల కథ అంతా ఈ మొదటి క్షణంలోనే ఉంది. కోత పోయి కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఓల్టేజీ కూలుతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. 2017 జులైలో ఉమ్మడి నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాల్లో ప్రయోగంగా, 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. నా మటుకు అది సరైన మాటే.

లోతు కూడా ఓల్టేజీని తింటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 200 మీటర్లు దిగితే ఒక్కో తీగకు దాదాపు 1.5 ఓమ్‌లు. మూడు తీగలూ కలిపి చూస్తే ఫేజుల మధ్య సుమారు 17 ఓల్టులు, మొత్తం సుమారు 300 వాట్లు కేబుల్‌లోనే పోతాయి.

స్టార్టరు పెట్టెలో, కరెంటు హద్దు దాటితే మోటరును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని 14 ఆంపియర్లకు తిప్పేసేవాళ్లున్నారు. అప్పుడు 11.5 దానికి మామూలు కరెంటే, లోపల మోటరు కాలుతున్నా కదలదు. నేమ్‌ప్లేటు మీద ఎన్ని ఆంపియర్లుంటే రిలే అక్కడే ఉండాలి. ట్రిప్ అయితే మొదట ఓల్టేజీ చూడాలి, ఆ తర్వాత మూడు ఫేజులూ వస్తున్నాయా అని, ఆపైనే పంపులో ఇసుక సంగతి.