ఉద్యోగం పోతే ఎవరికి ఏమొస్తుంది? అపోహలు – వాస్తవాలు

ఉద్యోగం పోయినవాళ్లకు సింగపూర్ ప్రభుత్వం డబ్బిస్తోందన్న మాట 2025 ఏప్రిల్ నుంచి వినపడుతోంది. ఆ నెలలో స్కిల్స్‌ఫ్యూచర్ జాబ్‌సీకర్ సపోర్ట్ పథకం మొదలైంది కాబట్టి ఆ మాట నిజమే. మొదటి నెల 1,500 డాలర్ల వరకు, రెండో నెల 1,250, మూడో నెల 1,000, ఆపై మూడు నెలలు 750 చొప్పున, మొత్తం 6,000 డాలర్లు మించకుండా ఇస్తారు. చిక్కల్లా ఆ డబ్బు ఎవరికి, ఎందుకు ఇస్తారన్న దగ్గరే. ప్రభుత్వం ఇచ్చే సాయం వేరు, యజమాని చెల్లించాల్సిన బాకీ వేరు. ఈ రెండింటినీ కలిపేయడంవల్లే మనవాళ్లలో కొందరు రానిదానికోసం ఎదురుచూస్తున్నారు, మరికొందరు రావాల్సినదాన్ని వదిలేసుకుంటున్నారు.

"ఇన్నేళ్లు పన్ను కట్టాను, నా పేరు మీద కంపెనీ నెలనెలా లెవీ కట్టింది, ఇప్పుడు నాకేమీ రాదా?" అన్న ప్రశ్నలో న్యాయం ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ లెవీ బీమా ప్రీమియం కాదు. విదేశీ కార్మికుల సంఖ్యను అదుపులో ఉంచడానికి యజమానిమీద వేసే సుంకం అది. కార్మికుడి పేరిట ఏ ఖాతాలోనూ జమకాదు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఈపీ) మీద ఉన్నవాళ్లకైతే అసలు లెవీయే లేదు. అమెరికాలోని నిరుద్యోగ బీమా యజమానులు కట్టే ప్రత్యేక పన్నుతో నడుస్తుంది. అక్కడి బంధువులను చూసి ఇక్కడా అలాగే ఉంటుందనుకోవడం సహజమే గానీ, సింగపూర్ అలాంటి నిధి పెట్టుకోలేదు. జాబ్‌సీకర్ సపోర్ట్ పథకానికి 21 ఏళ్లు నిండిన పౌరులే అర్హులంటూ మొదలుపెట్టి, శాశ్వత నివాసులను (పీఆర్‌లను) 2026 తొలి త్రైమాసికం నుంచి చేరుస్తామన్నారు. వర్క్ పర్మిట్, ఎస్ పాస్, ఈపీ వాళ్లు ఇందులోకి రారు. పౌరులకైనా గడిచిన 12 నెలల సగటు జీతం నెలకు 5,000 డాలర్లు దాటకూడదు, అందులో కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి, ఉంటున్న ఇంటి వార్షిక విలువకూ పరిమితి ఉంది. పైగా దరఖాస్తులు పెట్టడం, శిక్షణకు వెళ్లడం, కెరీర్ కోచ్‌ను కలవడం లాంటి పనులతో ప్రతి నెలా 10 పాయింట్లు తెచ్చుకోవాలి. ఇంట్లో కూర్చున్నందుకు కాదు, ఉద్యోగం వెతుక్కుంటున్నందుకు ఇచ్చే డబ్బు ఇది.

ఎలా మానేసినా ఖాళీగా ఉంటే చాలన్నది ఇంకో అపోహ. ఇది పౌరులకే ఎక్కువ నష్టం చేస్తుంది. కంపెనీ తీసేసినా, మూతపడినా, జబ్బువల్లో ప్రమాదంవల్లో ఉద్యోగం ఊడినా, చివరికి డిస్మిస్ చేసినా అర్హత ఉంటుంది. తనంతట తాను రాజీనామా చేస్తే ఉండదు. "రిజైన్ లెటర్ ఇచ్చెయ్, రేపు ఇంకోచోట చేరేటప్పుడు రికార్డు బాగుంటుంది" అనే హెచ్ఆర్ సలహా వినడానికి మంచిదే. కానీ ఆ సంతకంతో తీసివేత కాస్తా రాజీనామాగా మారిపోతుంది. బలవంతపు రాజీనామాను డిస్మిసల్‌గానే చూడాలని 2019 నుంచి ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ చెబుతోంది కదా అనొచ్చు. నిజమే. అయితే బలవంతం జరిగిందని రుజువు చేయాలి, అదీ ఆఖరి పనిరోజు నుంచి ఒక నెలలోపే ఫిర్యాదు చేయాలి. అంతకంటే సంతకం చేయకపోవడమే తేలిక.

ఇక పాస్ మీద ఉన్నవాళ్లకు ఏమీ రాదనే మాట మొదటి అపోహకన్నా ప్రమాదం. ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ పౌరసత్వం చూడదు. పనిచేసిన రోజుల జీతం, నోటీసు కాలం లేదా దానికి బదులు జీతం, వాడుకోని వార్షిక సెలవులకు డబ్బు విదేశీయుడికీ రావాలి. కాంట్రాక్టులో నోటీసు ప్రస్తావన లేకపోతే రెండేళ్లు దాటి అయిదేళ్లలోపు పనిచేసినవాళ్లకు రెండు వారాలు, అయిదేళ్లు నిండితే నాలుగు వారాలు. వర్క్ పర్మిట్ కార్మికుణ్ణి ఇంటికి పంపే ఖర్చు యజమానిదే. రిట్రెంచ్‌మెంట్ పరిహారం చట్టం తప్పనిసరి చేయలేదు కాబట్టి అడిగి లాభం లేదంటారు. కాంట్రాక్టులో రాసి ఉంటే మాత్రం ఇచ్చి తీరాలి. రాయకపోయినా రెండేళ్లు పనిచేసినవాళ్లకు ఏడాదికి రెండు వారాల నుంచి నెల జీతం దాకా ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ. అడగనివాడికి ఆ ఆనవాయితీ గుర్తుచేసేవాళ్లెవరు?

పాస్ రద్దయ్యాక మామూలుగా 30 రోజులే ఉండనిస్తారు, ఈలోగా పోరాడేదెలా అన్న సందేహం సబబైనదే. అందుకే వెళ్లేముందే ఉద్యోగ వివాదాలు చూసే సంస్థ టాడెమ్‌లో జీతం బకాయి దరఖాస్తు పెట్టేయాలి. ఉద్యోగం ముగిసిన ఆరు నెలల వరకు గడువుంది. విదేశీ ఉద్యోగి ఆఖరి జీతాన్ని పన్ను లెక్క తేలేదాకా కంపెనీ ఆపిపెట్టడం మోసం కాదు, పన్ను శాఖ నిబంధనే. ఆపినదెంతో, పన్నుకు పోయిందెంతో కాగితం మీద రాయించుకోవాలి. ఆ 30 రోజుల్లో ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు గానీ, కొత్త పాస్ రాకముందు ఒక్క పూట పనిచేసినా నేరమే.