తొంభై తొమ్మిది కార్లే ఎందుకు?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పేపర్లో వచ్చిన ఒక కారు బొమ్మ కత్తిరించి ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాను. అది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ. 2016 నవంబరులో మన దేశానికి వచ్చింది. దేశమంతటికీ కలిపి 99 కార్లేనట. మా రూములో అందరికీ నచ్చిన కారు అన్నే ఎందుకు తెచ్చారో అప్పుడు అర్థం కాలేదు. ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరాక అర్థమైంది. తమ్ముళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

వెనక తలుపు పైకి లేచే చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. దానికే బలమైన ఇంజను, గట్టి బ్రేకులు, బిగువైన సస్పెన్షన్ పెడితే హాట్ హ్యాచ్ అవుతుంది.

మన మెస్‌లో రెండు వందల మందికి సాంబారు కాస్తే తలకు పడే ఖర్చు తక్కువ. ఒక్కరికే వేరే కూర వండాలంటే గిన్నె వేరు, పొయ్యి వేరు, వంటాయన శ్రమ వేరు. కార్లకూ అంతే. కొత్త రకాన్ని ఇక్కడే తయారుచేయాలంటే పరికరాలకు, పరీక్షలకు పెట్టే ఖర్చు వంద కార్లు అమ్మినా లక్ష అమ్మినా తప్పదు. అందుకే కొద్దిపాటి కార్లను విదేశంలో తయారైనవే తెప్పిస్తారు. అప్పట్లో అలాంటి కార్లపై దిగుమతి సుంకం 60 శాతం. పైగా చిన్న కార్ల పన్ను రాయితీ 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్లకే. దీనిది 1800 సీసీ. మామూలు పోలో పది లక్షల లోపు దొరికితే, దీని ధర 25.99 లక్షలయింది. 2017లో దాదాపు 20 లక్షలకు తగ్గించాల్సి వచ్చింది.

కోరిక వేరు, గిరాకీ వేరు. కొనే శక్తి తోడైన కోరికనే అర్థశాస్త్రం గిరాకీ అంటుంది. నా ట్రంకు పెట్టె మూత ఆ లెక్కలోకి రాదు.

అయితే కంపెనీల లెక్క కూడా తప్పుతుంది. జర్మనీలో 1976లో మొదటి గోల్ఫ్ జీటీఐ అమ్మకానికి వచ్చినప్పుడు 5,000 కార్లు చేస్తే చాలనుకున్నారు. 110 హార్స్ పవర్ ఉన్న ఆ చిన్న కారు, ఆ మొదటి తరంలోనే నాలుగున్నర లక్షలు దాటింది. ఇంటిల్లిపాదీ తిరగడానికీ, సరదాగా తోలడానికీ ఒకే కారు కావాలనుకున్నవాళ్లు అంతమంది ఉన్నారని అది వచ్చేదాకా తెలియలేదు. 2025లో గోల్ఫ్ జీటీఐ మన దేశానికి వచ్చినప్పుడు, ధర ప్రకటించకముందే మొదటి 150 కార్లూ బుక్ అయిపోయాయి.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. "మీవాళ్లలో పెద్ద చదువులు ఎవరికి కావాలిరా" అన్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. శక్తి లేకపోవడాన్ని వాళ్లు ఇష్టం లేకపోవడంగా లెక్కగట్టారు. ఈ హాస్టల్లో ఇంత అన్నం, పుస్తకాలు, పడుకోవడానికి చోటు దొరికాక మా కోరిక కూడా గిరాకీ అయింది.

తమ్ముళ్లూ, ఎక్కడైనా "దీనికి అంతమంది లేరు" అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడగండి: లేరా, రాలేకపోయారా?