సొంత పార్టీలోనే గవర్నరుకు పోటీ!

మన దగ్గర గవర్నరంటే రాష్ట్రపతి నియమించే పెద్దమనిషి. అమెరికాలో అలా కాదు. అక్కడ జనం ఓట్లేసి గెలిపించుకున్న గవర్నరే రాష్ట్రాన్ని ఏలతాడు, మన ముఖ్యమంత్రిలాగా. ఆ కుర్చీలో ఉన్నాయన్ని సొంత పార్టీ ఆవిడే "ఈసారి టికెట్టు నాకివ్వండి" అని సవాలు చేస్తే? మన పార్టీల్లో బి-ఫారం ఎవరి చేతిలో ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. న్యూయార్క్‌ లాంటి రాష్ట్రాల్లో అడగాల్సింది అధిష్ఠానాన్ని కాదు, ఆ పార్టీ వాళ్లుగా పేరు రాయించుకున్న మామూలు ఓటర్లని. ఆ ఎన్నికనే ప్రైమరీ అంటారు.

2018లో న్యూయార్క్‌ రాష్ట్రంలో నటి సింథియా నిక్సన్ ఆ పనే చేసింది. ఎదురుగా ఉన్న ఆండ్రూ క్యూమో సామాన్యుడా? తండ్రి మూడుసార్లు గవర్నరు, ఈయనా మూడోసారికి సిద్ధం. చేతిలో 3 కోట్ల డాలర్ల పైచిలుకు ప్రచార నిధి. ఈవిడకున్నది టీవీ పేరు, ముగ్గురు పిల్లలు, ప్రభుత్వ బడుల నిధుల కోసం ఏళ్ల తరబడి చేసిన పోరాటం. బడుల గురించి, మొరాయించే సబ్‌వే రైళ్ల గురించి నిలదీసింది. "అనుభవం లేదు" అన్నారు. పిల్లల్ని ఆ బడికి పంపే తల్లికి లేని అనుభవం ఇంకెవరికుంటుందో! గంజాయిని చట్టబద్ధం చేయాలని కూడా అంది. ఆ ఒక్క మాట మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఆగస్టులో ఇద్దరికీ ముఖాముఖి చర్చ. హాలు మరీ చల్లగా వద్దు, 76 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో 24 ఉంచండని ఆమె తరఫువాళ్లు ముందే అడిగారు. పనిచేసే చోట చల్లదనం విషయంలో ఆడవాళ్లకు అన్యాయమే జరుగుతోందన్నారు. కొందరు నవ్వారు. ఆఫీసు ఏసీలో కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చునే మన అమ్మాయిలకు మాత్రం నవ్వు రాదు.

"మధ్యలో అడ్డు రావడం ఆపుతారా?" అన్నాడాయన. "మీరు అబద్ధాలాడటం ఆపుతారా?" అందీవిడ. "మీరు ఆపగానే" అని ఆయనా అంటించాడనుకోండి.

సెప్టెంబరు 13న ఆయనకు నూటికి 65, ఆమెకు 34 ఓట్లు. వేరే పార్టీ కింద నమోదైనవాళ్లు ఇటు మారి ఓటేయాలంటే అంతకుముందు అక్టోబరులోనే మారి ఉండాలట. ఈవిడ పోటీ ప్రకటించిందే మార్చిలో!

"ఓడిపోయింది కదా, ఏం లాభం?" అన్నారు మావారు. గెలిచాక కూడా ప్రతిపక్షంతో జతకట్టిన ఎనిమిదిమంది రాష్ట్ర సెనేటర్లలో ఆరుగురు అదేరోజు సొంత పార్టీ ఓటర్ల చేతిలో ఓడిపోయారు. 2021లో, పలువురు మహిళలను లైంగికంగా వేధించాడని రాష్ట్ర అటార్నీ జనరల్ నివేదిక తేల్చాక, క్యూమో తప్పు చేయలేదంటూనే రాజీనామా చేశాడు. ఆయన లెఫ్టినెంట్ గవర్నరు క్యాథీ హోకుల్ ఆ రాష్ట్రపు మొదటి మహిళా గవర్నరైంది. 2025లో ఆవిడ మీద కూడా ప్రైమరీలో పోటీకి దిగుతున్నట్టు ప్రకటించింది ఎవరనుకున్నారు? ఆవిడ లెఫ్టినెంట్ గవర్నరే!