బల్లపై జీలం యుద్ధము

చెన్నపురి తెలుగిండ్లలో నవరాత్రుల కొలువునకు ఇసుక పరచి, మెంతులు చల్లి తోటలు పెంచుట మన బాలబాలికలెరుగుదురు. ఆ నేర్పుతో చరిత్రపాఠమును గూడ బల్లపై నిలుపవచ్చును.

క్రీ. పూ. 326లో గ్రీకుసేనలతో వచ్చిన అలెగ్జాండరు జీలం నదికడ పోరసు రాజు నెదిర్చెను. మనము కాగితపు గుజ్జుతో నదిగట్లను, నడుమ అడవి పెరిగిన లంకను తీర్చుదము. కొండపల్లి పనివారివలె రంపపుపొట్టు, చింతగింజల పిండి కలిపి మక్కు చేసి, దానితో ఏనుగులను మలచి, ఆరిన పిదప సున్నము పూసి రంగులు వేయుదము. గ్రీకు భటుల ఈటెలు సుమారు 18 అడుగులు. కావున చీపురుపుల్లను బొమ్మకు మూడింతల పొడవున కోయవలెను.

వానరాత్రి లంకచాటున అలెగ్జాండరు నది దాటెను. బురదలో పోరసు రథములు దిగబడెను. నేల యుద్ధమును ఎట్లు మార్చునో బల్ల చూపును.

తల్లిదండ్రులకొక మనవి: చేతులు పనిచేయునపుడు గట్టు, రేవు, లంక, మక్కు అను మాటలను పిల్లలచే పలికింపుడు. నగరమున మనకు జారిపోవుచున్నవి ఈ మాటలే.